దారి తప్పింది మీరు, బ్రూనో కాదు

ప్రశ్న: రెండు వారాల కిందట ఆదివారం మధ్యాహ్నం నేనూ మా బ్రూనో (నాలుగేళ్ల లాబ్రడార్, ముప్పై కిలోలు ఉంటాడు) ఎప్పుడూ వెళ్లే అడవి దారిలోనే నడకకి వెళ్లాం. ఒకచోట పెద్ద చెట్టు దారికి అడ్డంగా పడి ఉంది. పక్కనుంచి చుట్టి వెళ్లాం, అంతే, అవతల దారి మళ్లీ కనబడలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. గంటన్నర తిరిగి తిరిగి మళ్లీ మొదటి గట్టు దగ్గరే తేలాం. కుక్కలకి దారి తెలుస్తుంది కదా అని బ్రూనో లీష్ తీసేసి 'ఇంటికి పోదాం పద' అన్నాను. వాడు దేన్నో తరుముకుంటూ పొదల్లోకి దూరి మాయమైపోయాడు. నేను అక్కడే కూలబడి ఏడుస్తూ ఉండిపోయాను. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చాడు. చెప్పిన టైముకి ఇంటికి రాలేదని మా ఆయన ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెతకడానికి వచ్చారు, చీకటి పడ్డాక వాళ్ల కేకలు వినబడి బయటపడ్డాం. అప్పటినుంచి వాడు ముందు కుడికాలు నాకుతూనే ఉన్నాడు. మా ఆయన ఇక అడవి మాట ఎత్తొద్దు అంటున్నారు. నేను చేసిన తప్పేంటి? వాణ్ని నమ్మడమేనా? మళ్లీ ఎప్పటికైనా వెళ్లొచ్చా? - ఒక పాఠకురాలు

సమాధానం: అన్నిటికంటే ముందు ఆ కాలి సంగతి. రెండు వారాలుగా ఒకే కాలు నాకుతున్నాడంటే అలవాటులే అని వదిలేయకండి. వేళ్ల మధ్య వెంట్రుకలు విడదీసి, వెలుతురులో పట్టుకుని చూడండి. చిన్న వాపు, ఎర్రగా ఒక పొక్కు, తడిగా రసి కారుతున్న రంధ్రం, వీటిలో ఏది కనబడ్డా లోపల ముల్లో, ఎండుగడ్డి కంకి మొనో దిగి ఉండొచ్చు. గడ్డి మొనలకి ఒక పాడు గుణం ఉంది, వాటి నూగు ఒకవైపే వాలి ఉంటుంది కాబట్టి లోపలికే పోతాయి గానీ వెనక్కి రావు, చర్మం కింద అలా పాకుతూ పైకి వెళ్లిపోతాయి కూడా. ఏమీ కనబడకపోయినా డాక్టరుకి చూపించండి. అలాగే చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద పిడుదులు ఉన్నాయేమో వెతకండి. ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి, నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఇది రేపే చేయండి, మిగతా ఉత్తరం ఆ తర్వాత చదివినా పరవాలేదు.

ఇప్పుడు మీరు అడిగిన తప్పు సంగతి. గంటన్నర తిరిగి మళ్లీ మొదటి గట్టు దగ్గరే తేలామని రాశారు, ఆ వాక్యంలో సిగ్గు కనబడింది నాకు. సిగ్గుపడకండి. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొంతమందిని ఒక పెద్ద అడవిలోకి తీసుకెళ్లి, తిన్నగా నడవండి అని చెప్పి, జీపీఎస్ పెట్టి చూశారు. ఎండ ఉన్న రోజు నడిచినవాళ్లు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టిన రోజు నడిచినవాళ్లు మాత్రం అందరూ గుండ్రంగానే తిరిగారు, వాళ్లలో కొందరు తాము ఇందాక నడిచిన చోటునే మళ్లీ మళ్లీ దాటుకుంటూ పోయారు, ఆ సంగతి వాళ్లకి తెలియనే తెలియదు. కళ్లకి గంతలు కట్టి నడిపిస్తే ఇరవై మీటర్ల వెడల్పు కూడా లేని వలయాల్లో తిరిగినవాళ్లున్నారు. మనిషికి తిన్నగా పోతున్నానన్న నమ్మకం గట్టిగానే ఉంటుంది, కానీ కంటికి సూర్యుడో కొండో ఆనవాలుగా లేకపోతే కాళ్లు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేవు. చెట్ల గుబురులో మధ్యాహ్నం దాటాక మీకు ఆనవాలు ఏముంటుంది చెప్పండి. మీకు తెలివి తక్కువై కాదు, ఎవరికైనా అంతే.

మరి బ్రూనోని నమ్మడం? ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సగం నిజం ఉన్న చోటే మనం ఎక్కువ మోసపోతాం.

కుక్కలకి అడవిలో దారి తెలుస్తుందన్నది ఉత్తి మాటేం కాదు. చెక్ దేశపు శాస్త్రవేత్తలు 27 వేటకుక్కల మెడకి జీపీఎస్ పట్టీలు కట్టి, అడవుల్లో వదిలి, అవి యజమాని కంటికి దూరంగా పరుగెత్తిపోయి తిరిగొచ్చిన 622 సందర్భాలు గమనించి 2020లో ప్రచురించారు. ఎక్కువసార్లు కుక్క తను వెళ్లిన దారి వాసన పట్టుకునే వెనక్కి వచ్చింది. కానీ మూడింట ఒక వంతు సార్లు వెళ్లిన దారి వదిలేసి కొత్త దారిలో అడ్డంగా వచ్చేసింది. అలా వచ్చేటప్పుడు చాలాసార్లు ముందు ఒక ఇరవై మీటర్లు ఉత్తర-దక్షిణ దిశల వెంబడి పరుగెత్తి, అప్పుడు తిరిగింది. భూమి అయస్కాంత శక్తిని పట్టుకుని దిక్కు సరిచూసుకుంటోందేమో అని వాళ్ల ఊహ. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

కానీ ఆ కుక్కలు ఎక్కడికి తిరిగొచ్చాయో చూడండి. యజమాని నిలబడి ఉన్న చోటుకి. కారు దగ్గరికి కాదు, ఇంటికి కాదు. మీరు బ్రూనోతో 'ఇంటికి పోదాం పద' అన్నప్పుడు వాడికి ఆ మాట అర్థమయ్యే అవకాశమే లేదు, వాడు వెతుక్కుని చేరాల్సిన మనిషి అప్పటికే ఎదురుగా నిలబడి ఉంది. వాడి లెక్కలో అసలు ఎవరూ తప్పిపోలేదు. మీరు పక్కనున్నారు, లీష్ తీసేశారు, పొదల్లో ఏదో కదిలింది, సెలవు దొరికిందనుకుని పరుగెత్తాడు. తర్వాత మీరున్న చోటుకి వచ్చేశాడు. వాడు చేయగలిగిన పని వాడు సరిగ్గానే చేశాడండీ. మనం వాడికి రాని పని అప్పజెప్పాం.

నేనూ ఇదే చేశాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట మా కుక్కతో ఒక అడవి అంచున దారి తప్పాను. అది నాకంటే పది అడుగులు ముందు, తోక పైకెత్తి, అంతా తెలిసినట్టు నడుస్తోంది. నేను దాని వెనకే గుడ్డిగా నడిచాను, ముప్పావుగంట. ఆ తర్వాత ఒకచోట కాలిబాట రెండుగా చీలింది. అది ఆగింది. తల తిప్పలేదు, కానీ ఎడమ చెవి ఒక్కటి వెనక్కి మళ్లింది, నా చెప్పుల చప్పుడు ఎటు పోతోందా అని. నేను ఊరికే ఒక అడుగు కుడివైపు వేశాను, వెంటనే కుడివైపు నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చి ఎడమకి అడుగు వేశాను, ఎడమకి తిరిగింది. అప్పుడు నాకు గుండె జారినట్టయింది. ముప్పావుగంటగా నేను దాని వెనక నడుస్తున్నాననుకున్నాను, అది నా ముందు నడుస్తూ నన్నే అనుసరిస్తోంది. ఇద్దరిలో ఎవరూ దారి చూపించలేదు. మీ బ్రూనో కూడా చీలికల దగ్గర ఇలాగే చేస్తుంటాడు, ఈసారి గమనించండి.

అందుకే నా మాట ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూనే. కుక్క తోడుగా ఉన్నప్పుడు మనకి తెలియకుండానే ఒక ధైర్యం వస్తుంది, వాడు టెన్షన్ పడటం లేదు కదా అంటే పరిస్థితి అంత చెడ్డగా లేదేమో అనిపిస్తుంది. వాడు టెన్షన్ పడడు. మీరున్నంతసేపు పడడు. కాబట్టి 'మనం దారి తప్పాం, ఇక ఆగుదాం' అన్న నిర్ణయం మీరే తీసుకోవాలి, అదీ తొందరగా తీసుకోవాలి. మీ తప్పంటూ ఉంటే అది ఆ గంటన్నర నడకలో ఉంది. మీరు కూలబడి ఏడ్చిన ఆ నలభై నిమిషాలూ, మీకు తెలియకపోయినా, ఆ రోజు మీరు చేసిన మంచి పని. కదలకుండా ఉన్నారు కాబట్టే బ్రూనో మిమ్మల్ని పట్టుకోగలిగాడు. మీ ఆయన కేకలు మీకు వినబడినదీ అందుకే, ఇంకో గంట నడిచి ఉంటే ఎక్కడ ఉండేవారో.

ఇంకోసారి ఇలా జరిగితే (జరగకూడదు, కానీ అడవికి వెళ్లేవాళ్లు అనుకుని ఉంచుకోవాలి) మొదటి అనుమానం రాగానే కూర్చోండి. నిజంగా కూర్చోండి, నేల మీద. లీష్ మీ నడుముకి కట్టుకోండి, చేతిలో పట్టుకుంటే కంగారులో జారిపోతుంది. ఇద్దరూ కాసిని నీళ్లు తాగండి. ఒక పది నిమిషాలు ఏమీ చేయకండి. గుండె దడదడలాడుతున్నప్పుడు ప్రతి సందూ దారిలాగే కనబడుతుంది, దడ తగ్గాక చూస్తే అవే సందులు ఉత్త సందుల్లా కనబడతాయి.

తర్వాత ఫోన్ తీయండి. సిగ్నల్ లేదంటే ఫోన్ పనికిరాదని చాలామంది అనుకుంటారు. జీపీఎస్‌కి టవర్ అక్కర్లేదు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. ఇంటి దగ్గరే ఆ ప్రాంతపు మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకుని ఉంటే మీరు నిలబడిన చోటు నీలం చుక్కలా కనబడుతుంది. మ్యాప్ లేకపోయినా ఆ రోజు తీసిన ఫొటోలు చూడండి, చివరి ఫొటో ఏ టైముకి తీశారు, అందులో వెనకాల ఏముంది, మీరు అప్పటినుంచి ఎంతసేపు నడిచారు అని లెక్క తేలుతుంది. కాల్ కలవని చోట మెసేజ్ ఒక్కోసారి వెళ్లిపోతుంది, కాబట్టి మీరున్న చోటి అంకెలు (అక్షాంశం, రేఖాంశం), టైము, 'ఇక్కడే కదలకుండా ఉంటాం' అన్న మాట రాసి పంపండి. ఎమర్జెన్సీ నంబరు కూడా ఒకసారి నొక్కి చూడండి. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే చాలా దేశాల్లో ఆ కాల్ దాని మీదుగా వెళుతుంది. 112 చాలా చోట్ల పనిచేసే నంబరు, కానీ మీ ప్రాంతంలో అడవిలో తప్పిపోయినవాళ్ల కోసం ఎవరికి చేయాలో ముందే తెలుసుకుని ఫోన్‌లో దాచుకోండి. ఆ తర్వాత ఫోన్‌ని బ్యాటరీ సేవర్‌లో పెట్టేసి, ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, అరగంటకోసారి తీసి చూడండి. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ తన ప్రాణం తనే తీసుకుంటుంది. దాన్ని టార్చిలా వాడొద్దు, అందుకు విడిగా చిన్న తల టార్చి పెట్టుకోండి.

వెనక్కి నడవొచ్చా అంటే, వచ్చిన దారి మీద మీకు నూటికి నూరుపాళ్లు నమ్మకం ఉంటేనే, అదీ కూర్చున్న చోట ఏదైనా రంగు గుడ్డ కట్టి, అది కంటికి కనబడేంత దూరమే వెళ్లి చూసి మళ్లీ గుడ్డ దగ్గరికి రావాలి. నాలుగు వైపులా అలా చూసినా దారి దొరకలేదంటే ఇక నడవడం ఆపేయండి. వాగు వెంబడి కిందికి పోతే ఊరొస్తుందన్న మాట మీరు కూడా వినే ఉంటారు. వాగుకి మనిషి నడకతో పనిలేదు, అది జలపాతం మీదనుంచి కూడా దూకుతుంది, జారుడు బండల మధ్య ఇరుకు లోయలోకి తీసుకెళ్లి వదిలేస్తుంది. అక్కడ కాలు విరిగితే నీళ్ల హోరులో మీ కేక కూడా ఎవరికీ వినబడదు. చెట్టు మీద నాచు ఉత్తరం వైపే ఉంటుందన్నదీ నమ్మొద్దు, తేమ ఎటుంటే నాచు అటు పెరుగుతుంది.

వెలుగు ఎంతసేపుంటుందో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. చెయ్యి చాచి, వేళ్లు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ కింద నేల కలిసే గీతకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలికి సుమారు పావుగంట. చెట్ల కింద దీనికంటే ముందే చీకటి పడుతుంది కాబట్టి నాలుగు వేళ్లు మిగిలాయంటే అప్పుడే రాత్రికి సిద్ధమవ్వాలి.

రాత్రి మాట అనగానే భయపడకండి, నేను చెప్పేది విని ఉంచుకోండి. ఒక రాత్రి తిండి లేకపోతే ఏమీ కాదు. చలి మాత్రం చేస్తుంది. మంచు పడే చలే అక్కర్లేదు, పది డిగ్రీల దగ్గర బట్టలు తడిసి గాలి కొడితే చాలు, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోగలదు. ఎక్కువమంది పైన కప్పుకోవడం గురించే ఆలోచిస్తారు గానీ కింద నేల మీ వేడిని ఎలా లాగేస్తుందో చూడరు. ఎండుటాకులు, కొమ్మల చివర్లు పోగేసి, మోకాలి ఎత్తు పరుపులా వేసి, దాని మీద కూర్చోండి. బ్రూనోని కూడా దాని మీదే పడుకోబెట్టుకోండి, ఒంటికి ఆనించుకుని. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల దాకా ఉంటుంది, మనకంటే ఎక్కువ. ఇదీ తోడు కుక్క ఉండటంలో నిజమైన లాభం, దారి చూపించడం కాదు. రేకులా మెరిసే ఎమర్జెన్సీ దుప్పటి ఒకటి మడిస్తే గుప్పెట్లో పట్టేస్తుంది, దాన్ని సంచిలోంచి ఎప్పుడూ తీయకండి.

ఇంకో లాభం కుక్క చెవులు. మీకు వినబడని చప్పుడు వాడికి వినబడుతుంది. చీకట్లో వాడు ఉన్నట్టుండి తల పైకెత్తి ఒకే వైపు చూస్తూ చెవులు నిక్కించాడంటే అప్పుడు విజిల్ ఊదండి. మూడుసార్లు గట్టిగా, ఆగడం, మళ్లీ మూడుసార్లు. మూడు అన్నది ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తుగా చాలా చోట్ల తెలుసు. గొంతు అరగంట అరిస్తే పోతుంది, విజిల్ రాత్రంతా మోగుతుంది, పైగా దాని చప్పుడు చాలా దూరం పోతుంది. బ్రూనో మొరిగితే మొరగనివ్వండి. ఇంట్లో అలవాటుకొద్దీ 'ష్, ఊరుకో' అనేస్తాం, వెతికేవాళ్లకి ఆ మొరుగు కంటే మంచి ఆనవాలు ఉండదు.

లీష్ గురించి ఇంకొక్క మాట. అడవిలో పెద్ద జంతువులున్న చోట వదిలేసిన కుక్క ఏం చేస్తుందంటే, దేన్నో కెలుకుతుంది, అది తిరగబడగానే బెదిరి పరుగున మీ దగ్గరికే వస్తుంది, వెనకే ఆ జంతువు కూడా వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు కదా వదలకపోవడానికి.

ఇక వాడి ఒంటి గురించి చెప్పాలి, మీ ఉత్తరంలో నీళ్ల మాట ఎక్కడా లేదు, అది చదివి నాకు కొంచెం గుబులుగా ఉంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కాస్త తప్ప లేదు, వేడిని బయటికి పంపేది ఎక్కువగా రొప్పుతూ నాలుకతోనే. నడకలో వాడు ఆగి 'నాకు చేతకావట్లేదు' అని చెప్పడు, మీరు నడుస్తున్నంతసేపు నడుస్తాడు, పడిపోయేదాకా. లాబ్రడార్‌లు ఇందులో మరీ మొండివి, ముక్కు పొట్టిగా ఉండే జాతులైతే ఇంకా తొందరగా దెబ్బతింటాయి. నీడలో కూర్చోబెట్టినా రొప్పు తగ్గకపోవడం, చొంగ చిక్కగా తీగలా కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, నడక తూలడం, వాంతి, ఇవి వడదెబ్బ గుర్తులు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. వెంటనే నీడకి చేర్చి, దగ్గర ఏ నీళ్లుంటే ఆ నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్టకీ కాళ్ల మధ్యా పోసి, అట్టముక్కతోనో టోపీతోనో ఆపకుండా విసరాలి. తడి తువ్వాలు కప్పి ఉంచేయడం మంచిది కాదు, అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది.

ఊరికే ఇంట్లో ఉన్న రోజే కుక్కకి కిలోకి 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ముప్పై కిలోల బ్రూనోకి అంటే లీటరున్నర పైమాటే. నడిచిన రోజు ఇంకా ఎక్కువ. కాబట్టి మీ సీసా మీది, వాడి సీసా వాడిది, రెండూ విడివిడిగా పెట్టుకోండి, మడిచే గిన్నె ఒకటి. నిలవ నీళ్లు, పచ్చగా తెట్టు కట్టిన చెరువు నీళ్లు తాగనివ్వకండి. మీ జేబులోని తిండి పంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త. నడకకి వెళ్లేవాళ్లు తీసుకెళ్లే డ్రై ఫ్రూట్స్ పొట్లంలో కిస్‌మిస్ ఉంటుంది, అది కుక్క కిడ్నీలని దెబ్బతీస్తుంది. చాక్లెట్ కూడా విషమే. షుగర్ లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ మరీ ప్రమాదం. ప్రేమతో పెట్టిన ఆ గుప్పెడు అడవి మధ్యలో, డాక్టర్ అందుబాటులో లేని చోట ఏం చేస్తుందో ఊహించుకోండి.

ఒకవేళ వాడు మళ్లీ లీష్ తెంపుకుని పోతే? మీరు ఈసారి చేసినట్టే, అక్కడే ఉండండి. వెంటబడితే కుక్కకి అది ఆటలా ఉంటుంది, లేదా బెదిరి ఉంటే ఇంకా దూరం పోతుంది. మామూలు గొంతుతో, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు పిలవండి. కేకలో భయం ఉంటే దానికి తెలిసిపోతుంది. కొన్ని గంటలు భయంలో ఉన్న కుక్క సొంత మనిషిని చూసి కూడా పారిపోవచ్చు, అప్పుడు ఎదురెళ్లకుండా నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, దాని కళ్లలోకి చూడకుండా, మెల్లగా మాట్లాడుతూ ఉండాలి. చీకటి పడి మీరు వెళ్లక తప్పకపోతే, ఆ రోజంతా వేసుకున్న చొక్కా, గిన్నెలో నీళ్లు చివరిసారి చూసిన చోటే పెట్టి, తెల్లవారగానే మొట్టమొదట అక్కడికే వెళ్లండి. కొన్ని కుక్కలు ఆ చొక్కా మీదే పడుకుని దొరుకుతాయి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు, చర్మం కింద మైక్రోచిప్, రెండూ ఉండాలి. చిప్ ఉంది కదా అంటే, కుక్క ఎక్కడుందో అది చూపించదు, ఎవరైనా పట్టుకుని స్కానర్ పెట్టి చూస్తే మీ పేరు తేలడానికే. కుక్క ఎక్కడుందో తెలియాలంటే జీపీఎస్ పట్టీ వేరే, అందులో కూడా కొన్ని మొబైల్ సిగ్నల్ ఉంటేనే పనిచేస్తాయి, కొనేముందు అడగండి.

మీ ఆయన గురించి. ఆయన 'అడవి మాట ఎత్తొద్దు' అన్నది కోపంగా వినబడి ఉంటుంది మీకు. చెప్పిన టైము దాటిపోయాక, చీకట్లో మీ పేరు పిలుస్తూ చెట్ల మధ్య తిరిగిన మనిషి ఆయన. మీకు కనీసం మీరు బతికే ఉన్నారని తెలుసు, ఆయనకి అదీ తెలియదు. ముందు ఆ సాయంత్రం ఆయన వైపు నుంచి ఎలా గడిచిందో అడిగి, పూర్తిగా విన్నాక మీ మాట మొదలుపెట్టండి. ఆయన అంత తొందరగా రాగలిగింది మీరు ఎటు వెళ్తున్నదీ ఎప్పుడొచ్చేదీ చెప్పి వెళ్లారు కాబట్టే, ఈ సంగతి ఆయనకీ మీకూ ఇద్దరికీ గుర్తు చేసుకోవాల్సింది. ఇకముందు దాన్నే ఇంకొంచెం గట్టిగా చేయండి, ఏ దారి, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు, ఎన్నింటికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అని కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి. ఆ వెనక్కి తిరిగే టైము రాగానే, ఎంత దగ్గర్లో ఉన్నా సరే, తిరగండి.

మళ్లీ వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లండి, కాలు పూర్తిగా నయమయ్యాక. ఈలోగా ఇంట్లోనే విజిల్ అలవాటు చేయండి, రెండు చిన్న ఊదులు ఊదడం, వాడు వస్తే వాడికి ప్రాణమైన తిండి చిన్న ముక్క పెట్టడం, రోజుకి పదిసార్లు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, తర్వాత ఆరుబయట పొడవాటి తాడు కట్టి. రెండు ఊదులు వాడికి, మూడు ఊదులు మనుషులకి, ఈ తేడా పాటించండి.

మొదటిసారి ముగ్గురూ కలిసి పొద్దున్నే వెళ్లండి, ఆ పడిపోయిన చెట్టు దాకా మాత్రమే. అక్కడ మీ ఆయన చెట్టు మొదలు దగ్గరే నిలబడాలి. బ్రూనో లీష్ మీ నడుముకే ఉండాలి. మీరిద్దరూ చెట్టుని చుట్టి అవతలికి వెళ్లి, ఆయన ఎప్పుడూ కంటికి కనబడుతూ ఉండగానే, దారి మళ్లీ ఎక్కడ మొదలవుతుందో వెతకండి. దొరికాక ఆయన్ని పిలవండి. నా అంచనా, అది మీరు ఆ రోజు వెతికిన చోటుకి పది పదిహేను అడుగుల్లోనే ఉంటుంది. అక్కడే వాడి గిన్నె తీసి నీళ్లు పోయండి, మీరూ తాగండి, ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి.

ఎలా జరిగిందో నాకు రాయండి. కాలు గురించి డాక్టర్ ఏమన్నారో కూడా.